చివరి ఊరి పెట్టె మీద చీటీ

ఆ రోజుల్లో పని దొరకాలంటే మనకు వచ్చిన పని ఒకటి చెబితే చాలేది కాదు, రాని పని రెండు కలిపి చెప్పాల్సి వచ్చేది. ఇప్పుడు చెప్పడం లేదా అంటే ఇప్పుడూ చెబుతూనే ఉన్నారు, కాకపోతే అచ్చు వేయించి, ఫొటో అంటించి తెస్తున్నారు. మాకు ఆ భాగ్యం లేదు, అంతా నోటితోనే నడిపించాలి. నాకు నోరు పెద్దదే (మా అత్త బతికున్నంతకాలం ఈ మాట దేవుడికి దీపం పెట్టినట్టు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అనేది), కానీ ఆ రోజు అబద్ధం చెప్పింది నేను కాదు, మా మేనమామ. బోరుబండి మీద పనిచేసే మా ఆయన జ్వరంతో పోయి అప్పటికి ఏడాది దాటింది. నాకు ఇరవై ఏడేళ్లు. మేనమామ నన్ను మైదుకూరులో ఇళ్లకు నెట్టు కనెక్షన్లు ఇచ్చే ఆఫీసుకు పిలుచుకుపోయి, ఓనరు ముందు నిలబెట్టి, "మా పాప పది తప్పిందన్నా, రెండు మార్కుల్లో పోయింది" అన్నాడు. ఆ రెండు మార్కుల సంగతి వినేసరికి నా మీద నాకే జాలి కలిగింది. నిజానికి నేను చదివింది మూడో తరగతిలో సగం, అందులోనూ సగం రోజులు బడి చెప్పే అయివారింటికి నీళ్లు మోసిన చదువు. అంకెలు వచ్చు, సంతకం వచ్చు. అక్కడితో సరి.

ఓనరును అందరూ శెట్టన్న అనేవారు. వాళ్లది తాతల నాటి నుంచి పసుపు మండీ. ఈయన కాలానికి మండీ అన్నకు పోయి, వైర్లు తమ్ముడికి వచ్చాయి. వైర్ల సంగతి ఆయనకు నాకు తెలిసినంతే తెలుసు, ముహూర్తాల సంగతి మాత్రం పురోహితుడికి దిద్దిపెట్టేంత తెలుసు. మూడు నెలలు చూస్తాను, పనికొస్తే ఉంచుకుంటాను, లేకపోతే మీ మామ ఏమీ అనుకోకూడదు అని ముందే చెప్పాడు. నా పని ఆఫీసు ఊడ్చి తుడవడం, టీ తేవడం, పది తప్పినదాన్ని కాబట్టి ఫిర్యాదులు రాసుకోవడం. మొదటి రెండూ నాకు పుట్టుకతో వచ్చినవే. లోపలి మూల నుంచి తుడుచుకుంటూ, వెనక్కి వెనక్కి జరుగుతూ వాకిట్లోకి వచ్చి నిలబడితే, వెనక ఒక్క అడుగు గుర్తు మిగిలేది కాదు. (ఈ తుడిచే సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది.)

మూడో పనికి నా సొంత దారి ఒకటి కనిపెట్టాను. ఎవరైనా ఫోన్ చేసి నెట్టు రాలేదంటే పుస్తకంలో బొమ్మ గీసేదాన్ని. దర్జీకి కత్తెర, పాలాయనకు బర్రె, కోళ్ల ఫారం ఆయనకు గుడ్డు. నెట్టు అసలు రాకపోతే పక్కన నల్లచుక్క, మెల్లగా వస్తే తాబేలు. సాయంత్రం లైన్ల పనికి పోయే ఇద్దరు మగపిల్లలు వచ్చి నిలబడితే పుస్తకం నా వైపు తిప్పుకుని, కళ్లు చిన్నవి చేసి, గడగడ చదివినట్టు చెప్పేదాన్ని. ఆ ఇద్దరిలో పొడుగువాడిని నిచ్చెన అని, గుండ్రటివాడిని గుంతపొంగణం అని నేనే పేర్లు పెట్టాను. నిచ్చెన ఒకసారి మెడ చాచి పుస్తకంలోకి చూడబోతే, ఇది ఆఫీసు రహస్యం, మీ వయసుకు తగదు అని మూసేశాను. వాడు నాకన్నా రెండేళ్లు పెద్ద.

అట్లా రెండు నెలల ఇరవై రోజులు నడిచింది. అప్పుడు కడప నుంచి ఇంజినీరు సారు వచ్చాడు. పలచని మనిషి, ఏ పనికైనా "మెల్లగా, మెల్లగా" అనేవాడు, అందుకని ఆయన మెల్లగసారు అయ్యాడు. మా ఆఫీసు నుంచి మూడు ఊళ్లకు నెట్టు పోయేది, ఒకదాని వెనక ఒకటి, చేంతాడుకు ముళ్లు వేసినట్టు. ఆఫీసులో ఒక పెట్టె, దాని నుంచి మొదటి ఊరి పెట్టెకు, అక్కడి నుంచి నడిమి ఊరికి, అక్కడి నుంచి చివరి ఊరికి. ఇంతవరకు ఏ పెట్టెకు ఆ పెట్టే పెద్ద, తన లెక్కలు తన దగ్గరే, రేపటి నుంచి వాటి పద్ధతి మార్చి అన్నింటినీ ఆఫీసు పెట్టె చెప్పుచేతల్లో పెడతాను అని ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాడు. మగపిల్లలు తలలు ఊపారు. నాకు మాత్రం అడగాలనిపించింది.

"అంటే సార్, ఇంతకాలం వేరు కాపురాలు. ఇప్పుడు అత్త తాళాలగుత్తి తీసుకుంటాండాది. అంతేనా?"

"అంతే అక్కా."

"కోడండ్లు ఊరికే ఇస్తారా?"

"ముందు వాళ్ల తలకాయలో ఉండేదంతా తుడిచేస్తాం. మళ్లీ లేచినాక అత్తను అడిగి నేర్చుకుంటారు."

అట్లా తుడిచే మంత్రం ఉంటే మా అత్త నన్ను మొదటి నెలలోనే తుడిచి ఉండేది అన్నాను. మెల్లగసారు నవ్వి, పద్ధతి చెప్పాడు. మార్చేముందు ప్రతి పెట్టెలో ఇప్పుడున్నది రాసిపెట్టుకోవాలి. ఆఫీసులో కూర్చుని అన్నిటికన్నా దూరంలో ఉన్న చివరి ఊరి పెట్టెను ముందు మార్చాలి, అది లేచి పలికాకే నడిమి ఊరు, ఆ తర్వాత మొదటి ఊరు, అన్నిటికీ ఆఖరున ఆఫీసు. మారేటప్పుడు ఎవరూ కరెంటు తీయకూడదు, తీస్తే పెట్టె మళ్లీ లేవదు. ఏదైనా తేడా వస్తే ఒక్కో ఊరిలో ఒక మనిషి పెట్టె దగ్గరికి పోయి, దాని కింద అంటించిన చీటీ చదివి ఫోన్లో చెప్పాల్సి ఉంటుంది. ఈ చివరి మాట దగ్గర నేను లేచి, ఇంకా టీ మిగిలిన గ్లాసులు ఏరడం మొదలుపెట్టాను. ఎందుకంటే చివరి ఊరికి పోవాల్సింది నేనే. అక్కడ పెట్టె ఉన్నది ఒంటరిగా ఉండే రిటైరైన టీచరమ్మ మిద్దె మీద. ఒకసారి నిచ్చెన ఆమె ఆరబోసిన సగ్గుబియ్యం వడియాలు తొక్కాడు, అప్పటి నుంచి మగవాళ్లను మిద్దె ఎక్కనివ్వడం లేదు. అంటే నేను చదువు రానిదాన్నని బయటపడాల్సి వస్తే, అది బడిపంతులమ్మ ముందర బయటపడాలన్నమాట. మూడు నెలల గడువుకు ఇంకా పది రోజులు.

తెల్లవారి శెట్టన్న టెంకాయ, నిమ్మకాయలు, కుంకుమతో వచ్చాడు. తొమ్మిదికి వర్జ్యం వస్తుంది, ఆలోగా మొదలుపెట్టాలి, అదీ ఆఫీసు పెట్టెతోనే మొదలుపెట్టాలి అన్నాడు. సారు మెల్లగా, మెల్లగా అని రెండుసార్లు అడ్డం వచ్చాడు. ఆఫీసుది ఆఖరున కదా అని దానిలో ఉన్నది ఇంకా రాసిపెట్టుకోలేదు కూడా అన్నాడు. శెట్టన్న వినలేదు.

"పెండ్లి పత్రిక ముందు యాడ ఇస్తామప్పా? ఇంటి దేవునికి. ఆ తర్వాత పెద్దోళ్లకు. పొలిమేరలో ఉండే చుట్టానికి ముందిచ్చి, ఇంట్లో పెద్దకు ఆఖర్న ఇస్తే ఆ పెండ్లి జరుగుతాదా?"

కడప చదువులో పెండ్లి పత్రికల పాఠం లేదనుకుంటాను. సారు మా వైపు చూశాడు. మగపిల్లలు గోడ వైపు చూశారు. శెట్టన్న నా వైపు తిరిగి, నువ్వు చెప్పు పాపా అన్నాడు. ఇక్కడ నేను చేసిన పని ఇన్నేళ్లకు ఒప్పుకుంటున్నాను. ఆఫీసుతో మొదలుపెడితే చివరి ఊరి వంతు ఏ సాయంత్రానికో వస్తుంది, అంతలోకి సారు అలసిపోతాడు, చీటీ సంగతి మరిచిపోతాడు అని నా చిన్న బుర్ర లెక్క వేసింది. "పెద్దింటి నుంచే మొదలుపెట్టాలన్నా, లోకమంతా అదే చేస్తాండారు" అనేశాను. శెట్టన్న మొహం వెలిగింది. టెంకాయ ఠప్పుమంది. సారు పాపం మీట నొక్కాడు.

ఆఫీసు పెట్టె ఎర్రగా వెలిగి, ఆరి, మళ్లీ వెలిగింది. అంతే, మూడు ఊళ్లూ ఒక్కసారిగా మాయమయ్యాయి. అత్త తన తల తుడుచుకుని కొత్తగా లేచి కూర్చుంది, ఊళ్లలో కోడళ్లు పాత పేరుతో పిలుస్తున్నారు, ఈమె నువ్వెవరమ్మా అంటోంది. ఆఫీసులో కూర్చుని వాళ్లను చేరే దారి లేదు. సారు తల పట్టుకున్నాడు. కొబ్బరి చిప్పలు చేతిలో పట్టుకుని శెట్టన్న, వర్జ్యం ఇంకా రాలేదు కదప్పా అన్నాడు. ఇక ప్రతి పెట్టె దగ్గరికి మనిషి పోయి, మీట పట్టుకుని, చీటీ చదవాల్సిందే. మొదటి ఊరికి నిచ్చెన, నడిమి ఊరికి గుంతపొంగణం బండ్ల మీద పోయారు. నేను చివరి ఊరి బస్సెక్కాను.

కిటికీ పక్కన కూర్చున్నాక గానీ నాకు బుద్ధి వెలగలేదు. రోజూ ఆఫీసు తుడిచేదాన్ని, లోపలి మూల నుంచి వాకిటికి వచ్చేదాన్ని. ఎవరైనా వాకిట్లో మొదలుపెట్టి లోపలికి తుడుచుకుంటూ పోతారా? పోతే మూలలో ఇరుక్కుని, తడి ఆరేదాకా గోడకు అంటుకుని నిలబడాలి. సారు చెప్పింది అచ్చం అదే. నా చేతులకు తెలిసింది నా నోటికి తెలియలేదు, ఆ నోటితోనే కదా శెట్టన్నకు తాళం వేశాను. నా పాపం నాతో పాటే బస్సులో పక్క సీట్లో కూర్చుని ఉంది, దానికి టికెట్టు కూడా లేదు.

టీచరమ్మ తెల్ల జుట్టు, బిగించి కట్టిన కొంగు. చేతిలో బెత్తం లేదు గానీ ఉన్నట్టే నడుస్తుంది. వడియాల చాపల మధ్య ఎక్కడ అడుగు పెట్టాలో వేలితో చూపిస్తూ మిద్దె మీదికి తీసుకుపోయింది. మెట్ల గదిలో గోడకు పెట్టె, దాని మీద ఎర్ర దీపం. నా వంతు వచ్చేదాకా కూర్చోవాలి. ముందు నిచ్చెన పెట్టె లేవడానికి మొండికేసిందట, గంట పట్టింది. తర్వాత గుంతపొంగణం పెట్టె లేచింది. ఫోన్ మోగినప్పుడల్లా కొంగుతో పెట్టె మీది దుమ్ము ఇంకోసారి తుడిచాను. ఆఖరికి సారు, అక్కా ఇప్పుడు నీదే అన్నాడు. గాజులకు తగిలించుకున్న పిన్నీసు తీసి ఆయన చెప్పిన సందులో గుచ్చి, దీపం పసుపు రంగు వచ్చేదాకా పట్టుకున్నాను. ఇంక చీటీ చదువు, రెండో వరుస అన్నాడు.

పెట్టె వంచి చూశాను. అంకెలు ఉన్నాయి, ఎక్కడికీ పోలేదు. వాటి మధ్యలో ఇంగ్లీషు. తెలుగే పూర్తిగా పలకరించని దాన్ని, ఇంగ్లీషు నన్నెందుకు పలకరిస్తుంది? గాలి ఎక్కువగా ఉంది సార్, కనపడడం లేదు అన్నాను. గాలికి చీటీ కనపడకపోవడం ఏంటక్కా అన్నాడు. కళ్లజోడు మరిచిపోయానన్నాను. నీకు కళ్లజోడు ఉందా అన్నాడు. నిన్ననే వచ్చిందన్నాను. అంతలో ఫోన్లో వెనక నుంచి శెట్టన్న గొంతు వినిపించింది, "పది తప్పిన పిల్ల గదప్పా, చదువుతాదిలే." అంటే ఫోన్ అందరికీ వినపడేలా పెట్టారు. టీచరమ్మ చేతికి ఫోన్ ఇద్దామంటే, ఎందుకిచ్చావని శెట్టన్న అడుగుతాడు. ఇవ్వకపోతే ఊరు ఊరంతా నెట్టు లేకుండా ఉంటుంది. రెండు వైపులా వాకిలి మూసుకుపోయి, సరిగ్గా తడి మూలలో నిలబడ్డాను. అప్పుడు నాకు వచ్చిన ఒకే ఒక్క విద్య నోట్లోంచి బయటపడింది.

"సార్, ఏడు. రెండు. ఆ పక్కన గుడిసె. నడిమ దూలం కట్టిన గుడిసె."

నా ఉద్యోగం మెట్లు దిగిపోతున్నట్టు వినపడింది. తర్వాత సారు, ఎండ ఎక్కువగా ఉందన్నా, మీరు పోయి టెంకాయ నీళ్లు తాగండి, ఇది లెక్కల పని అని శెట్టన్నకు చెప్పడం వినిపించింది. ఏదో టక్కుమంది. ఆపైన ఆయన గొంతు ఒక్కటే దగ్గరగా వచ్చింది.

"గుడిసె తర్వాత ఏముండాది అక్కా? మెల్లగా."

"కొరికిన చందమామ సార్. ఆ తర్వాత నాలుగు. ఆ తర్వాత నిండు చూలాలు."

"ఊ."

"మూడు పండ్ల దువ్వెన. తొమ్మిది. మళ్లీ దువ్వెన, దీనికి కింద పన్ను ఊడిపోయినాది. ఆపైన రెండు పొట్టలాయన."

"ఆగు. ఎనిమిదా, రెండు పొట్టలాయనా?"

"ఎనిమిది రెండు పక్కలా గుండ్రం గదా సార్. ఈయన గోడకు ఆనుకోని నిలబడుకోనుండాడు."

ఆయన నవ్వాడో లేదో నాకు తెలియదు, నాకు వినపడనివ్వలేదు. ఆ చీటీ మీద అంకెలు పోను ఆరంటే ఆరు అక్షరాలే వస్తాయట, మిగతా ఇంగ్లీషుకు అక్కడ పని లేదట. ఆ ఆరూ నాకు ఆ రోజే చుట్టాలయ్యాయి. వరుస మొత్తం రెండుసార్లు చెప్పించుకుని, ఇంక దీపం పచ్చగా అయ్యేదాకా ఎవరినీ ముట్టనివ్వొద్దు అని చెప్పి సారు ఫోన్ పెట్టేశాడు. వెంటనే కింద వీధిలోంచి ఒక ముసలాయన, "ఒకసారి తీసి పెట్టుమే, సరిపోతాది" అని సలహా ఇచ్చాడు. మన దేశంలో ఏ యంత్రానికైనా ఒకటే వైద్యం. టీచరమ్మ కూడా మిక్సీ వేసుకోవాలి, ఆ ప్లగ్గు ఒక్కసారి ఇవ్వమంది. నేను మెట్ల గది మూలనున్న చీపురు అడ్డం పెట్టుకుని ప్లగ్గు ముందర చతికిలబడ్డాను. దీపం మినుకుమినుకుమంటోంది, నేను నూరు దాకా లెక్కపెట్టి, నూరు తర్వాత రాక మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాను. ఎన్ని నూర్లో తెలియదు. ఏదో ఒక నూరు మధ్యలో దీపం పచ్చగా నిలబడింది. ఉమ్మడి కాపురం కుదిరింది అక్కా అని సారు ఫోన్ చేసి చెప్పాడు.

తిరిగి చూస్తే టీచరమ్మ మజ్జిగ గ్లాసుతో గుమ్మంలో నిలబడి ఉంది. ఫోన్లో నా చదువు ఎంత విన్నదో అడిగే ధైర్యం నాకు లేదు. గ్లాసు నా చేతికిచ్చి, పెట్టె వంచి, చీటీ చూసి, మళ్లీ నన్ను చూసింది.

"ఆ చందమామను సీ అంటారు పాపా."

తెలుసు టీచరమ్మా అన్నాను. సిగ్గు ఉన్నచోట నా నోరు ఇంకా వేగంగా అబద్ధమాడుతుంది.

"తెలిస్తే మంచిదే. పన్ను ఊడినదాన్ని ఏమంటారో ఆదివారం వచ్చి చెప్పు. వడియాలు తొక్కొద్దు."

ఆఫీసుకు చేరేసరికి శెట్టన్న గల్లాపెట్టె ముందు కొబ్బరి ముక్కలు నములుతూ కూర్చుని ఉన్నాడు. పొద్దున్నుంచి ఊళ్ల వాళ్లు ఫోన్లో పెట్టిన చీవాట్లకు మొహం చిన్నదైంది. సారు ఆయనతో, చివరి ఊరిది ఒక్క తప్పు లేకుండా వచ్చిందన్నా, నిచ్చెన చదివినదాంట్లోనే ఎనిమిదిని బీ అన్నాడు, అందుకే గంట పట్టింది, ఈ అక్క చదివినట్టు చదివేవాళ్లను నేను యాడా చూడలేదు అన్నాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు, మీరే చూడండి. ఇంటరు చదివిన నిచ్చెన తలవంచుకున్నాడు. నేనూ వంచుకున్నాను, కారణం వేరు. శెట్టన్న సంతోషపడి, గడువు గిడువు ఇంకేమీ లేదు, నువ్వు ఈడనే ఉండు, రేపటి నుంచి పెద్ద రిజిస్టరు కూడా నువ్వే రాయి అన్నాడు. దేవుడు వరమిచ్చేటప్పుడు కూడా కొంచెం చూసుకుని ఇవ్వాలి. ఆ ధైర్యంతో నేను నోరు తెరిచాను.

"అన్నా, ఇల్లు తుడిచేటప్పుడు యాడ మొదలుపెడ్తాం? లోపలి మూల గదా. ఈ పెట్టెలూ అంతేనంట."

"పొద్దున అడిగినప్పుడు ఈ మాట యాడ పోయింది పాపా?"

"మీ టెంకాయ చప్పుడుకు బెదిరిపోయినాదన్నా."

పెద్ద రిజిస్టరు భయానికి నేను నిజంగానే ఆదివారాలు టీచరమ్మ ఇంటికి పోయాను. కొన్ని ఆదివారాలు చదువు, ఎక్కువ ఆదివారాలు వడియాలు. ఆమె పోయేలోగా పేర్లూ ఊళ్లూ రాసుకునేంత తెలుగు నా చేతికి ఎక్కింది. ఇంగ్లీషు మాత్రం ఆ ఆరు అక్షరాల దగ్గరే ఆగింది, మిగతా ఇరవై ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకోవచ్చు. మెల్లగసారు ఆ గుడిసె సంగతి ఎవరికీ చెప్పలేదు, ఇన్నేళ్లకు నేనే చెబుతున్నాను. శెట్టన్న ఇప్పుడూ పెట్టె మార్చే రోజు టెంకాయ తెస్తాడు, కాకపోతే దాన్ని చివరి ఊరికి ముందు రోజే బస్సులో పంపిస్తాడు. కొత్తగా వచ్చిన ఇంజినీర్లను నేను ఒకటే అడుగుతాను, యాడ నుంచి మొదలుపెడ్తాండావప్పా అని. వాకిట్లో నుంచి అంటే మాత్రం టీ ఇవ్వను.

మొన్న పాత బీరువా ఖాళీ చేస్తుంటే ఆ బొమ్మల పుస్తకం దొరికింది. కూర్చుని తిరగేశాను. కత్తెర ఉంది, బర్రె ఉంది, కోడిగుడ్డు ఉంది. ఒక పేజీలో మూడు కాళ్ల కుక్క, దాని పక్కన తాబేలు. ఇంకో పేజీలో తలకిందులుగా ఉన్న గొడుగు, దాని కింద నల్లచుక్క. ఎవరి కోసం గీశానో ఎంత తలకొట్టుకున్నా గుర్తుకు రాలేదు. పక్కన ఒక్క పేరు రాసి ఉన్నా చదివేదాన్ని, ఇప్పుడు నాకు చదవడం వచ్చు కదా. ఈ పుస్తకం గడగడ చదివింది లోకంలో ఒక్కతే, కళ్లు చిన్నవి చేసుకుని, పేజీ తన వైపు తిప్పుకుని, ఎవరైనా తొంగిచూస్తే ఠక్కున మూసేసే ఆ ఇరవై ఏడేళ్ల పిల్ల. అది ఉంటే అడిగేదాన్ని. అడిగినా చెప్పదు, ఆఫీసు రహస్యం అంటుంది.